కోత చిన్నదే... ఒంట్లో హడావిడి పెద్దది!

బొడ్డు దగ్గర ఒక చిన్న రంధ్రం. పైన మరో రెండు మూడు. అర అంగుళం కూడా లేని కుట్లు. మర్నాడో, ఆ మర్నాడో ఇంటికి. అయినా నాలుగు రోజుల పాటు ఒళ్లంతా బరువు, నీరసం, భుజం నొప్పి, కాస్త వెచ్చదనం! 'లేజర్ ఆపరేషనే కదా, ఇంత అలసట ఎందుకు?' అని ఇంటిల్లిపాదికీ సందేహం. నిజానికి ఈ ఇబ్బందుల్లో చాలావరకు శరీరం తనను తాను బాగుచేసుకునే పనిలో భాగమే. కానీ అరుదుగా వాటి చాటునే పెద్ద ప్రమాదం కూడా పొంచి ఉంటుంది. ఏది మామూలు, ఏది ముప్పు? ఈ తేడా తెలిసి ఉండటం ఇప్పుడు ప్రతి ఇంటికీ అవసరం.

బెంగళూరు నుంచి గుంతకల్లు వెళ్లే రైలు మార్గంలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. 2022 ఏప్రిల్‌ వరకు అనంతపురం జిల్లాలో, ఆ తర్వాత శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఊళ్లివి. ఆపరేషన్ అనగానే ఇక్కడివాళ్లు కొందరు స్థానిక ఆసుపత్రులకు, కొందరు అనంతపురానికి, ఇంకొందరు బెంగళూరుకు వెళుతుంటారు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం మొట్టమొదట మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. మిగతా రెండూ మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. పేద కుటుంబాలకు కూడా పెద్ద ఆసుపత్రుల ఆపరేషన్ థియేటర్ల దారి ఇక్కడ అలా తెరుచుకుంది.

కడుపు కోసి చేసే ఆపరేషన్ అయితే రోగి వారం రోజులు ఆసుపత్రి మంచం మీదే ఉండేవాడు. జ్వరం, నాడి, మూత్రం అన్నీ నర్సు చూసి రాసుకునేది. చిన్న రంధ్రాల ఆపరేషన్‌లో రోగి ఒకటి రెండు రోజుల్లోనే రైలెక్కేస్తాడు. కానీ ఆపరేషన్ గాయానికి శరీరం స్పందించటం పతాక స్థాయికి చేరేది రెండు, మూడు రోజులకు. అంటే సరిగ్గా ఆ సమయానికి రోగి హిందూపురంలోనో, ధర్మవరంలోనో తన ఇంట్లో ఉంటాడు. ఒకప్పుడు నర్సు కనిపెట్టే గుర్తులను ఇప్పుడు ఇంట్లోవాళ్లే కనిపెట్టాలి.

లేజర్ కాదు... ల్యాప్రోస్కోపీ

ఈ ఆపరేషన్లను మనవాళ్లు 'లేజర్ ఆపరేషన్' అంటుంటారు గానీ చాలావాటిలో లేజర్ ఊసే ఉండదు. పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ వాయువును పంపి గుడారంలా ఉబ్బేలా చేస్తారు. దాంతో లోపలి అవయవాల మధ్య జాగా ఏర్పడుతుంది. బొడ్డు దగ్గర పెట్టిన రంధ్రం గుండా కెమెరా గొట్టాన్ని, మిగతా రంధ్రాల గుండా సన్నటి పరికరాలను పంపి, తెర మీద చూస్తూ పని పూర్తిచేస్తారు. పిత్తాశయం తొలగించేందుకు సాధారణంగా నాలుగు రంధ్రాలు పెడతారు. ఒక్కోటి 5 నుంచి 10 మిల్లీమీటర్లు. పాత పద్ధతిలో అయితే పక్కటెముకల కింద బారెడు కోత పడేది.

ఈ పద్ధతి వయసు మరీ ఎక్కువేం కాదు. 1980లో జర్మనీ వైద్యుడు కుర్ట్ సెమ్ ఇలా అపెండిక్స్ తీశారు. 1985లో అదే దేశానికి చెందిన ఎరిక్ ముయే పిత్తాశయాన్ని తొలగించారు. మొదట్లో ఇద్దరికీ తోటి సర్జన్ల నుంచి అభినందనల కంటే విమర్శలే ఎక్కువ ఎదురయ్యాయి. మన దేశంలో 1990లో ముంబయిలోని జేజే ఆసుపత్రిలో డాక్టర్ తెహంతన్ ఉద్వాడియా ల్యాప్రోస్కోపీతో పిత్తాశయ ఆపరేషన్ చేశారు. మూడున్నర దశాబ్దాల్లో అది తాలూకా కేంద్రాల దాకా చేరింది.

గాయం తగలగానే...

కత్తి పెద్దదా, చిన్నదా అన్నది శరీరం చూడదు. ఎంత కణజాలం దెబ్బతిన్నదన్నదే దానికి లెక్క. చర్మం, కండ, కొవ్వు, కడుపు లోపలి పొర... ఎక్కడ తెగినా అక్కడి కణాలు పగిలి కొన్ని రసాయనాలు విడుదలవుతాయి. వీధిలో దొంగ పడితే మొదట చూసినవాడు కేకేసినట్టన్నమాట. ఆ కేక విని రక్తనాళాలు వ్యాకోచిస్తాయి. తెల్లకణాలు పరుగున వచ్చి చేరతాయి. నీరు ఊరుతుంది. ఫలితం ఎరుపు, వేడి, వాపు, నొప్పి. సుమారు రెండు వేల ఏళ్ల క్రితమే రోమన్ రచయిత సెల్సస్ ఈ నాలుగింటినీ నమోదు చేశాడు. వైద్యులు దీన్నే ఇన్‌ఫ్లమేషన్... అంటే వాపు ప్రక్రియ అంటారు.

ఈ కేక గాయం దగ్గరే ఆగదు. సైటోకైన్లు అనే సమాచార రసాయనాలు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతాయి. వీటిలో ఇంటర్‌ల్యూకిన్-6 ముఖ్యమైంది. కోత పెట్టిన కొద్ది గంటల్లోనే రక్తంలో దీని మోతాదు పెరగటం మొదలవుతుంది. ఇది మెదడుకు చేరితే ఒళ్లు వెచ్చబడుతుంది, ఆకలి మందగిస్తుంది, మగతగా అనిపిస్తుంది. కాలేయానికి చేరితే అది సీ-రియాక్టివ్ ప్రోటీన్ తయారుచేస్తుంది. రక్తపరీక్షల కాగితంలో 'సీఆర్‌పీ' అని కనిపించేది ఇదే. న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని తొలిసారి గుర్తించింది 1930లో. ఆపరేషన్ అయిన 6 నుంచి 12 గంటల తర్వాత పెరగటం మొదలై, 2-3 రోజులకు శిఖరానికి చేరి, అంతా సవ్యంగా ఉంటే దిగిపోతుంది.

ఇంకోవైపు అడ్రినలిన్, కార్టిసాల్ వంటి ఒత్తిడి హార్మోన్లు ఎగసిపడతాయి. గుండె వేగం, రక్తంలో చక్కెర పెరుగుతాయి. అందుకే మధుమేహం అదుపులో ఉన్నవారికి కూడా ఆపరేషన్ తర్వాత చక్కెర హఠాత్తుగా ఎగబాకొచ్చు. ఆ రోజుల్లో తరచూ పరీక్షించుకోవాలి. చక్కెర ఎక్కువగా ఉంటే తెల్లకణాల పోరాటం మందగిస్తుంది, గాయంలో ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది.

చిన్న రంధ్రంతో ఎంత లాభం?

కడుపు కోసి చేసిన వారిని, రంధ్రాలతో చేసిన వారిని పక్కపక్కన పోల్చిన అధ్యయనాలు చాలా ఉన్నాయి. పిత్తాశయం ఆపరేషన్లో రంధ్రాల పద్ధతిలో ఇంటర్‌ల్యూకిన్-6, సీఆర్‌పీ రెండూ తక్కువగా పెరుగుతాయని వాటిలో స్పష్టంగా తేలింది. కారణం కష్టమైందేం కాదు. పొట్ట గోడను బారుగా కోసి, కండను చీల్చి, పేగులను చేత్తో పక్కకు తోసి పట్టుకోవటంలోనే గాయం ఎక్కువ. ఆ భాగం ఇందులో ఉండదు. నొప్పి తక్కువ కావటం, శ్వాస బాగా ఆడటం, త్వరగా లేచి తిరగగలగటం అన్నీ దీని ఫలితాలే.

అయితే కార్టిసాల్, అడ్రినలిన్ వంటి హార్మోన్ల విషయంలో రెండు పద్ధతులకూ అంత తేడా కనిపించలేదు. లోపల అవయవాన్ని తీయటం రెండింటిలోనూ ఒక్కటే కదా. పైగా మత్తుమందు, గాలితో పొట్ట ఉబ్బించటం కూడా శరీరానికి ఒత్తిడే. కాబట్టి 'చిన్న కోత' అంటే చర్మం మీద చిన్న కోత అని అర్థం చేసుకోవాలి. బయట కుట్టు ఎండినంత మాత్రాన లోపల గాయం మానిపోయినట్టు కాదు. ధర్మవరంలో గుంత మగ్గం మీద కూర్చుని రోజంతా ముందుకు వంగి, కాళ్లతో తొక్కుడు చెక్కలు తొక్కే నేతగాడికి, హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్ల బస్తాలు ఎత్తేవారికి, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టు చేసేవారికి ఈ తేడా చాలా ముఖ్యం. కూర్చుని చేసే తేలికపాటి పనులకు ఒకటి రెండు వారాలు సరిపోవచ్చు. బరువులెత్తటం మాత్రం నాలుగు నుంచి ఆరు వారాలు మానాలని సర్జన్లు చెబుతుంటారు. ఎవరికి ఎన్నాళ్లన్నది ఆపరేషన్ చేసిన డాక్టరునే అడగాలి.

పొట్టలో ఆపరేషన్... భుజంలో నొప్పి!

రోగులను ఎక్కువగా కంగారు పెట్టేది ఇదే. గాలితో ఉబ్బినప్పుడు పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే డయాఫ్రం పొర సాగుతుంది. మిగిలిన వాయువు తేమలో కరిగి ఆ పొరను కాస్త మంట పెడుతుంది. డయాఫ్రానికి వెళ్లే నాడి మెడ దగ్గర నుంచి బయల్దేరుతుంది. భుజానికి వెళ్లే నాడులదీ అదే చోటు. దాంతో మెదడు పొరబడి నొప్పి భుజంలో ఉందనుకుంటుంది. రక్తంలో కలిసిన వాయువు ఊపిరితిత్తుల ద్వారా బయటకు పోతుంది. ఈ నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల్లో తగ్గిపోతుంది. లేచి నాలుగడుగులు వేస్తే ఇంకా త్వరగా తగ్గుతుంది. గాలి పీడనం తక్కువగా ఉంచి ఆపరేషన్ చేస్తే ఈ నొప్పి తక్కువగా ఉంటుందని కూడా గమనించారు. అయితే భుజం నొప్పితో పాటు ఆయాసం, గుండెల్లో బరువు, చెమటలు ఉంటే మాత్రం 'గాలి నొప్పిలే' అని ఊరుకోకూడదు.

గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒక్కటే

ఆపరేషన్ తర్వాత తొలి ఒకటి రెండు రోజులు ఒళ్లు కాస్త వెచ్చగా ఉండటం సాధారణం. అది చాలాసార్లు ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చింది కాదు, వాపు ప్రక్రియ వల్ల వచ్చిందే. కుట్ల చుట్టూ కొంచెం ఎరుపు, గట్టిదనం కూడా అంతే. కానీ ఇవన్నీ రోజురోజుకూ తగ్గుతూ రావాలి. నిన్నటి కంటే ఈ రోజు నొప్పి తక్కువగా ఉండాలి. నిన్నటి కంటే ఇంకొంచెం తినగలగాలి, ఇంకొంచెం నడవగలగాలి. తగ్గుతున్నది మళ్లీ పెరిగిందంటే శరీరం మరో గాయం గురించి కేక వేస్తోందని అర్థం.

లోపల పేగుకు చిన్న గాటు పడినా, పైత్యరసం కారుతున్నా మొదటి రోజు ఏమీ తెలియకపోవచ్చు. మూడు నాలుగు రోజులకు పొట్ట ఉబ్బటం, వాంతులు, జ్వరం మొదలవుతాయి. ఇటువంటివి అరుదే. ఆలస్యంగా గుర్తిస్తే మాత్రం ప్రాణం మీదకు వస్తుంది. సీఆర్‌పీ విషయంలోనూ డాక్టర్లు ఒక్క అంకెను చూసి నిర్ణయించరు. మూడో రోజు తర్వాత అది దిగుతోందా, మళ్లీ ఎక్కుతోందా అన్నదే వాళ్లకు ముఖ్యం.

ఇలాంటప్పుడు వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర ఒక సెలైన్, ఒక ఇంజెక్షన్ వేయించి రోజు గడిపేయటం ప్రమాదం. మందుల షాపులో 'వాపు తగ్గే మాత్రలు' అడిగి తెచ్చుకోవటమూ అంతే. వాటిలో స్టిరాయిడ్లు ఉంటే జ్వరం, నొప్పి అణిగిపోయి లోపలి ముప్పు కనబడకుండా పోతుంది. కొన్ని నొప్పి మాత్రలు కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవారికి హాని చేస్తాయి. థియేటర్‌లో మత్తు డాక్టరు కొలిచి ఇచ్చే ఒక డోసు స్టిరాయిడ్‌కూ, ఇంట్లో రోజూ మింగే మాత్రలకూ పోలిక లేదు.

నలుగురు తల్లుల మరణం

రంధ్రాల ఆపరేషన్ అనగానే పిత్తాశయం, అపెండిక్స్ గుర్తొస్తాయి గానీ తెలుగు మహిళలకు అన్నిటికంటే పరిచయమైనది కుటుంబ నియంత్రణ ఆపరేషన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత మహిళల్లో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇంతమంది లేరు. వీటిలో కొన్ని చిన్న కోతతో, కొన్ని ల్యాప్రోస్కోపీతో చేసేవి. ల్యాప్రోస్కోపీతో చేసేదాన్ని ఆసుపత్రుల్లో 'డీపీఎల్' అంటారు. కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. అదే రోజు ఇంటికి పంపేస్తారు.

2022 ఆగస్టు 25న తెలంగాణలోని రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక్కరోజే 34 మందికి డీపీఎల్ ఆపరేషన్లు చేశారు. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే నలుగురు మహిళలు చనిపోయారు. మిగతావారిని హైదరాబాద్‌లోని పెద్ద ఆసుపత్రులకు తరలించి చికిత్స చేయాల్సి వచ్చింది. ఇన్‌ఫెక్షనే కారణమని విచారణలో తేలింది. అంతకు ముందు 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌ శిబిరంలోనూ ఇటువంటి విషాదమే జరిగింది. ఇటువంటి శిబిరాలను మూడేళ్లలో ఆపేయాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

సూక్ష్మక్రిములు రక్తంలో చేరితే ఏమవుతుంది? ఇంతసేపూ గాయాన్ని మాన్పిన ఆ వాపు ప్రక్రియే అదుపు తప్పుతుంది. ఒక వీధిలో మొదలైన కేక ఊరంతా పాకి తొక్కిసలాట జరిగినట్టు అవుతుంది. రక్తనాళాలన్నీ ఒక్కసారిగా సడలి రక్తపోటు పడిపోతుంది. కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. దీన్నే సెప్సిస్ అంటారు. ఇక్కడ గంటలే లెక్క. బాలింతకో, కు.ని. ఆపరేషన్ అయిన ఇల్లాలికో ఒళ్లు బాగాలేకపోతే 'రేపు చూద్దాం' అనుకోవటం మన ఇళ్లలో మామూలే. ఆ ఒక్క రాత్రే ప్రాణానికి ముప్పు కావచ్చు.

నెల తర్వాత రంధ్రం దగ్గర గడ్డ!

కొందరికి అంతా బాగైపోయిందనుకున్నాక, మూడు నాలుగు వారాలకో, ఇంకా ఆలస్యంగానో రంధ్రం పెట్టిన చోట చిన్న గడ్డ లేచి రసి కారుతుంటుంది. మామూలు యాంటీబయాటిక్స్ వాడితే తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. క్షయ క్రిమి జాతికే చెందిన, కానీ క్షయ కాని మైకోబ్యాక్టీరియా దీనికి కారణం కావచ్చు. పరికరాలను సరిగా శుద్ధి చేయనప్పుడు, వాటిని కడిగిన నీళ్లు శుభ్రంగా లేనప్పుడు ఇవి చేరతాయి. పై పై కట్లతో కాలం గడపకుండా ఆపరేషన్ చేసిన సర్జన్‌కు చూపించాలి. రసిని ప్రత్యేకంగా కల్చర్ పరీక్షకు పంపి, దాన్ని బట్టి దీర్ఘకాలం మందులు వాడాల్సి ఉంటుంది.

పప్పు తింటే చీము పడుతుందా?

'కుట్లు మానేదాకా పప్పు పెట్టొద్దు, చీము పడుతుంది' అనే మాట మన పెద్దవాళ్ల నోట వినని ఇల్లుండదు. గుడ్డు వద్దు, పాలు వద్దు, వంకాయ వద్దు... చివరికి చారన్నమే మిగులుతుంది. చీము పట్టేది క్రిముల వల్లే. పప్పుకూ దానికీ సంబంధం లేదు. పైగా ఈ పథ్యం నష్టం చేస్తుంది.

1930లలో గ్లాస్గోలో డేవిడ్ కత్‌బర్ట్‌సన్ అనే శాస్త్రవేత్త కాలు విరిగిన రోగుల మూత్రాన్ని పరీక్షించాడు. తిన్నదాని కంటే ఎక్కువ నత్రజని బయటకు పోతోందని, అది కండ కరగటం వల్లేనని గుర్తించాడు. గాయమైనప్పుడు తెల్లకణాలకు, కొత్త కణజాలానికి కావాల్సిన ముడిసరుకు కోసం శరీరం తన కండనే కరిగిస్తుంది. ఆ సమయంలో మాంసకృత్తులు తగ్గిస్తే కరిగేది ఇంకా పెరుగుతుంది. నీరసం వదలదు.

కోలుకునే రోజుల్లో కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలల్లో 6-7 గ్రాములు, చిన్న గిన్నెడు పప్పులోనూ దాదాపు అంతే ఉంటాయి. కాబట్టి రాగిసంగటి మానక్కర్లేదు గానీ దాని పక్కన పప్పో, ఉలవచారో, అలసందల కూరో, గుడ్డో, పెరుగో ఉండాలి. పిత్తాశయం తీసినవారు కొన్నాళ్లు వేపుళ్లు, నూనె ఎక్కువున్నవి, గుప్పెళ్లకొద్దీ చెనిక్కాయలు తగ్గించుకుని, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినటం మంచిది. కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరు చెప్పిన మోతాదే పాటించాలి.

మంచం దిగితేనే మేలు

'ఆపరేషన్ అయిన ఒళ్లు, కదలకుండా పడుకో' అనటం కూడా పాతకాలపు మాటే. 1990లలో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ ఈ అలవాట్లన్నిటినీ ప్రశ్నించాడు. త్వరగా తినిపించటం, త్వరగా నడిపించటం, రకరకాల పద్ధతులు కలిపి నొప్పి తగ్గించటం ద్వారా శరీరం మీద ఒత్తిడి తగ్గుతుందని చూపించాడు. నడిస్తే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది. పేగులు కదులుతాయి. ఊపిరితిత్తులు పూర్తిగా విచ్చుకుంటాయి. బీడీ, సిగరెట్ అలవాటున్నవారు ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందే మానేస్తే గాయం చక్కగా మానుతుంది.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

- రెండు రోజులు దాటాక 100.4 డిగ్రీలు మించిన జ్వరం, చలి, వణుకు
- తగ్గాల్సిన కడుపునొప్పి పెరుగుతుండటం, పొట్ట ఉబ్బి గట్టిపడటం
- ఆగకుండా వాంతులు, గాలి కూడా పోకపోవటం
- కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావటం
- మూత్రం బాగా తగ్గిపోవటం
- ఆయాసం, ఛాతీలో నొప్పి, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టటం
- గుండె దడ, ఒళ్లు చల్లబడటం, మాట తడబడటం, మగత
- కుట్ల చుట్టూ ఎరుపు పాకుతుండటం, చీము, రక్తం

వీటిలో ఏ ఒక్కటున్నా బెంగళూరుకు రైలు కోసం ఎదురుచూడకుండా 108కి ఫోన్ చేసి, ముందు దగ్గర్లోని ఆసుపత్రికి చేరాలి. అక్కడి నుంచి ఆపరేషన్ చేసిన డాక్టరుతో మాట్లాడించొచ్చు.

ఇంటికి వచ్చేముందు అడగండి

ఏం ఆపరేషన్ చేశారు? లోపల గొట్టం ఏమైనా ఉంచారా? కుట్లు ఎప్పుడు తీయాలి, వాటంతటవే కరిగిపోతాయా? బీపీ, షుగర్ మాత్రలు ఎలా వాడాలి? తీసిన పిత్తాశయం పరీక్ష ఫలితం ఎప్పుడు వస్తుంది? అర్ధరాత్రి ఇబ్బంది వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి? జవాబులను డిశ్చార్జ్ కాగితం వెనకే రాసి పెట్టుకోండి. ఆ కాగితాన్ని బీరువాలో దాచకుండా మంచం పక్కనే, ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచండి. దాని కిందే రోజూ పొద్దున, సాయంత్రం జ్వరం ఎంతుందో ఒక అంకె వేస్తే చాలు. తగ్గుతోందో, పెరుగుతోందో ఆ వరుసే చెబుతుంది.